చిట్టాలో తప్పు పడితే?

మీ ఊరి కిరాణా దుకాణంలో లెక్కలు ఎలా రాస్తారో ఎప్పుడైనా గమనించారా? రోజంతా జరిగిన లావాదేవీలను వ్యాపారి ముందు చిట్టాలో వరుసగా రాసుకుంటాడు. తర్వాత తీరిక చూసుకుని ఆవర్జాలో ఎవరి ఖాతాకు వారిది ఎక్కిస్తాడు. మధ్యలో దీపం ఆరిపోయినా భయం లేదు. చిట్టా చూసి మిగిలింది పూర్తి చేసుకోవచ్చు. కంప్యూటర్ కూడా ఫైళ్ళను ఇలాగే కాపాడుకుంటుంది.

మీరు ఒక ఫైలును భద్రపరిచినప్పుడు డిస్కు మీద ఒక్కచోటే రాస్తే సరిపోదు. ఫైలు పేరు ఒకచోట, దాని పరిమాణం మరోచోట, ఖాళీ స్థలాల పట్టిక ఇంకోచోట మారాలి. రెండు మారి మూడోది మారకముందే కరెంటు పోయిందనుకోండి, లెక్క తప్పుతుంది. 1980లలో యూనిక్స్ కంప్యూటర్లు ఇలాంటప్పుడు 'ఎఫ్‌ఎస్‌సీకే' అనే ప్రోగ్రాముతో డిస్కునంతా తనిఖీ చేసేవి. డిస్కులు పెద్దవవుతున్న కొద్దీ ఆ తనిఖీకి గంటలు పట్టసాగింది.

దీనికి పరిష్కారమే జర్నల్, అంటే డిస్కు మీది చిట్టా. 1990లో ఐబీఎం తన ఏఐఎక్స్ వ్యవస్థలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. లినక్స్‌లో దీన్ని ఎలా అమర్చాలో స్టీఫెన్ ట్వీడీ 1998లో వివరించారు. ఆయన రూపొందించిన 'ఈఎక్స్‌టీ3' 2001లో లినక్స్‌లో చేరింది. చేయవలసిన మార్పులన్నీ ముందు జర్నల్‌లో రాసి, చివర 'పూర్తయింది' అని ముద్ర వేస్తారు. కరెంటు తిరిగి వచ్చాక ముద్ర ఉన్నవాటిని అమలు చేస్తారు, లేనివాటిని వదిలేస్తారు. గంటల పని క్షణాల్లో ముగుస్తుంది.

అయితే కరెంటు పోవడం వేరు, డిస్కు మొరాయించడం వేరు. కరెంటు ఉండగానే డిస్కు "ఇక్కడ రాయలేకపోయాను" అంటే ఏం చేయాలి?

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. డిస్కు విఫలమైనట్లు కావాలనే భ్రమ కల్పించి, ఫైలు వ్యవస్థలు ఏం చేస్తాయో చూశారు. 2005లో వారు ప్రకటించిన ఫలితాలు ఆశ్చర్యం కలిగించాయి. జర్నల్‌లో ఒక భాగం రాయలేకపోయినా, ఈఎక్స్‌టీ3 మిగతాదంతా రాసి 'పూర్తయింది' ముద్ర కూడా వేసేసేది! తర్వాత ఆ జర్నల్‌ను నమ్మి అమలు చేస్తే ఫైలు వ్యవస్థే పాడు కావచ్చు. 'రైజర్‌ఎఫ్‌ఎస్' అనే మరో వ్యవస్థ దీనికి పూర్తిగా భిన్నం. రాత విఫలమైతే దాదాపు ప్రతిసారీ యంత్రాన్నే ఆపేసేది. మొరటు పద్ధతే, కాని ఉన్న సమాచారాన్ని చెడగొట్టదు. తర్వాత వచ్చిన 'ఈఎక్స్‌టీ4' 2008లో స్థిరరూపం పొందింది. జర్నల్‌లో రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకునేందుకు 'చెక్‌సమ్' అనే సరిచూపు సంఖ్యను జతచేసే ఏర్పాటు అందులో ఉంది.

కథ అక్కడితో ముగియలేదు. 2018లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ను నిర్మించేవారు మరో లోపం గుర్తించారు. "నా సమాచారం డిస్కుకు చేరిందా?" అని ప్రోగ్రాము అడిగితే, లినక్స్ ఒకసారి "లేదు" అనేది. ప్రోగ్రాము మళ్ళీ అడిగితే "చేరింది" అనేది. నిజానికి అది చేరనే లేదు! అందుకే 2019 నుంచి ఆ డేటాబేస్ అలాంటి జవాబు ఒక్కసారి వచ్చినా పని ఆపి, తన సొంత చిట్టా సాయంతో మళ్ళీ మొదలుపెడుతోంది.

రేపు మీరూ ప్రోగ్రాములు రాస్తారు. ఫైలులో రాయమని ఆదేశించి ఊరుకోకండి. రాసిందో లేదో వచ్చే జవాబును కూడా చదవండి. వ్యాపారి కూడా చిట్టాలో అంకె సరిగ్గా పడిందని చూసుకున్నాకే ఆవర్జా తెరుస్తాడు.