డెస్క్‌టాప్ బ్రౌజర్: దోష నిర్ధారణ, నిర్వహణ

కంప్యూటర్‌లో వెబ్ పేజీలను తెచ్చి, చదివి, తెరపై పేర్చి చూపే సాఫ్ట్‌వేర్ బ్రౌజర్. తెలుగు వికీపీడియన్లు దీనికి విహరిణి అని పేరు పెట్టుకున్నారు గానీ జనం నోట బ్రౌజర్ అన్న మాటే నిలిచింది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నవి. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి హైదరాబాద్ మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ఐటీ భవనాన్ని ప్రారంభించేనాటికి, సిస్టమ్‌లో ఉండే పది ప్రోగ్రాముల్లో బ్రౌజర్ ఒకటి. ఇప్పుడు హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా ఏ ఆఫీసులో చూసినా మెయిలు, హాజరు, జీతం స్లిప్పు, మీటింగు అన్నీ దానిలోనే. అది మొరాయిస్తే ఆ పూట పని అక్కడే ఆగుతుంది.

బ్రౌజర్ పాడైందని మనం అనుకునే సందర్భాల్లో చాలాసార్లు ఆ ప్రోగ్రాము చెక్కుచెదరకుండానే ఉంటుంది. తేడా నెట్‌వర్క్‌లోనో, వాడుతూ వాడుతూ మనం దానిలో పోగేసిన సమాచారంలోనో, అవతలి సర్వర్‌లోనో, అక్షరాన్ని గీసే ఫాంటులోనో వచ్చి ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఎక్కించడం చాలామంది మొదట చేసే పని. దానివల్ల ఫలితం తక్కువ. ప్రోగ్రాము పోతుంది, మళ్లీ వస్తుంది. కుకీలు (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చీటీలు), ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగులు ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ మాత్రం సాధారణంగా కదలకుండా ఉండిపోతుంది. అసలు దోషం అందులో ఉంటే, కొత్తగా ఎక్కించిన బ్రౌజర్‌కూ అదే అంటుకుంటుంది.

దోషం ఏ పొరలో ఉంది

మొదట మూడు సంగతులు తేల్చుకోవాలి. ఆగింది ఒక్క సైటా, అన్నీనా? ఈ బ్రౌజర్‌లోనేనా, ఇంకోదాంట్లో కూడానా? ఈ సిస్టమ్‌లోనేనా, పక్క సీటువాళ్లకు కూడానా? అన్ని బ్రౌజర్లలో అన్ని సైట్లూ ఆగితే చూడాల్సింది నెట్‌వర్క్‌ను. ఒకే సైటు అందరికీ ఆగితే సమస్య సర్వర్‌ది. తెరపై 500, 502, 503 వంటి అంకెలు కనిపిస్తే తప్పు అవతలివైపుదే, మనవైపు ఏం చెరిపినా లాభం లేదు. 404 అంటే ఆ చిరునామాలో పేజీ లేదని, 403 అంటే చూడడానికి అనుమతి లేదని అర్థం.

ఒకే సైటు, ఒకే బ్రౌజర్‌లో తిప్పలు పెడితే అప్పుడు ప్రైవేట్ విండో తెరవాలి. క్రోమ్‌లో దీని పేరు ఇన్‌కాగ్నిటో. చాలామంది దీన్ని గుట్టుగా చూసుకోవడానికి అనుకుంటారు గానీ, దోషం పట్టుకోవడానికి ఇంతకన్నా చేతికందే పనిముట్టు లేదు. ఆ విండోలో పాత కుకీలు ఉండవు. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లూ నడవవు. సైటు అక్కడ సజావుగా తెరుచుకుంటే దోషి సాధారణంగా ఆ రెంటిలో ఒకటి.

ఉదాహరణకు, నెలాఖరున ఒక ఉద్యోగి జీతం స్లిప్పు కోసం కంపెనీ పోర్టల్ తెరుస్తాడు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతాడు. పేజీ ఒక్క క్షణం తెల్లబడి, తిరిగి లాగిన్ దగ్గరికే వస్తుంది. మళ్లీ కొడితే మళ్లీ అంతే. పాస్‌వర్డ్ తప్పు అనే సందేశం మాత్రం రాదు. ఇలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది గడువు తీరిన కుకీని. బ్రౌజర్ పాత చీటీ చూపిస్తుంటే సర్వర్ దాన్ని ఒప్పుకోక గుమ్మం దగ్గరికే తిప్పి పంపుతోంది. చిరునామా పక్కనున్న గుర్తు నొక్కి, ఆ ఒక్క సైటు కుకీలను మాత్రం తీసేస్తే సరిపోతుంది. ‘మొత్తం హిస్టరీ క్లియర్ చెయ్’ అని ఆఫీసుల్లో సులువుగా ఇచ్చే సలహా మంచిది కాదు. దాంతో మిగతా సైట్లన్నింటి నుంచీ లాగౌట్ అవుతాం. సింక్ ఆన్‌లో ఉండగా పాస్‌వర్డ్‌ల గడిలో కూడా టిక్ పెట్టి చెరిపితే అవి ఖాతా నుంచే పోతాయి, ఇంట్లో సిస్టమ్‌లో కూడా మిగలవు.

క్యాష్ వేరు, కుకీ వేరు. క్యాష్ అంటే పేజీ త్వరగా తెరుచుకోవడానికి దాచుకున్న బొమ్మలు, స్క్రిప్టులు. అది పోయినా లాగిన్ పోదు. సైటు కొత్తగా మారినా మనకు పాత రూపమే కనిపిస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మీటలు కలిపి నొక్కితే దాచుకున్న ప్రతిని పక్కనబెట్టి తాజా పేజీని తెస్తుంది. ఎక్స్‌టెన్షన్ల మీద అనుమానముంటే ఒక్కొక్కటే ఆపి చూడాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఇందుకోసమే ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది. ఒకప్పుడు దాన్నే సేఫ్ మోడ్ అనేవారు. అన్నీ చేసినా కుదరకపోతే పాతదాన్ని తాకకుండా కొత్త ప్రొఫైల్ తయారుచేసి చూడడం మేలు.

ట్యాబులు ఎక్కువై సిస్టమ్ నత్తనడక నడుస్తుంటే, క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ట్యాబు ఎంత మెమరీ తింటోందో వరసగా చూపిస్తుంది. వీడియో మీటింగులో తెర మిణుకుమిణుకుమంటే గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి చూడాలి. ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది’ అంటూ తెర మూల నుంచి వచ్చే హెచ్చరికలు చాలావరకు ఎప్పుడో ఏదో సైటుకు ‘అలో’ నొక్కడం వల్ల వచ్చే నోటిఫికేషన్లు; సెట్టింగుల్లో ఆ అనుమతి తీసేస్తే ఆగిపోతాయి. వాటిలో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయకూడదు. చేసి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

గడియారం, సర్టిఫికెట్, ప్రాక్సీ

‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అనే ఎర్ర హెచ్చరిక చూడగానే చాలామంది ముందుకెళ్లే లింకు కోసం వెతుకుతారు. ముందు తెర కింది మూలనున్న తేదీ చూడాలి. కోచింగ్ సెంటర్లలో, చిన్న ఆఫీసుల్లో ఏళ్ల తరబడి వాడే డెస్క్‌టాప్‌ల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి వెళుతుంది. ప్రతి సైటు చూపే గుర్తింపు సర్టిఫికెట్‌కూ ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా’ అనే చెల్లుబాటు ఉంటుంది. సిస్టమ్ తేదీ ఆ హద్దులకు బయట ఉండటంతో బ్రౌజర్ ఏ సైటునూ నమ్మదు. తేదీ దిద్దితే అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి; బ్యాటరీ మారిస్తే మళ్లీ ఆ బెడద ఉండదు.

తేదీ సరిగ్గానే ఉండి, ఆఫీసు నెట్‌లో ఫైర్‌ఫాక్స్ ఒక్కటే మొరాయిస్తే కారణం వేరు. కొన్ని కంపెనీలు భద్రత కోసం ఉద్యోగుల వెబ్ రాకపోకలను మధ్యలో విప్పి చూసి, తమ సొంత సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి పంపుతాయి. క్రోమ్, ఎడ్జ్ విండోస్‌లో కంపెనీ చేర్చిన సర్టిఫికెట్‌ను నమ్ముతాయి. ఫైర్‌ఫాక్స్ నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితాను తనే విడిగా ఉంచుకుంటుంది. 2023 దాకా అది విండోస్ జాబితాను దానంతటది నమ్మేది కాదు; ఇప్పుడు నమ్ముతుంది గానీ, సెట్టింగుల్లో అది ఆపి ఉంటే ఆన్ చేయాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పని ఇళ్లకు మారినప్పుడు, అప్పటిదాకా ఐటీ విభాగం వాళ్లకే తెలిసిన ప్రాక్సీ (వెబ్ రాకపోకలకు మధ్యవర్తిగా ఉండే సర్వర్) అనే మాట ఇంటింటికీ వచ్చింది. ఆఫీసులో పెట్టిన ప్రాక్సీ చిరునామా ల్యాప్‌టాప్‌తోపాటే ఇంటికి వస్తుంది. ఆ సర్వర్ మాత్రం రాదు. ఇంటి వైఫై బాగానే ఉన్నా, ఫోన్‌లో యూట్యూబ్ ఆడుతున్నా, ల్యాప్‌టాప్‌లో ఒక్క పేజీ రాదు. ముందు ఆఫీసు నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే వీపీఎన్ కలపాలి, అప్పుడు బ్రౌజర్ తెరవాలి. హాస్టళ్ల, హోటళ్ల వైఫైలో ఇంకో చిక్కు ఉంటుంది. లాగిన్ పేజీ దానంతటది రావాలి గానీ, మనం తెరిచే సైట్లన్నీ ఎన్‌క్రిప్షన్ తాళం వేసినవి కావడంతో దానికి అడ్డుపడే సందు దొరకదు. తాళం లేని సాదా సైటు ఒకటి తెరిస్తే లాగిన్ పేజీ బయటికొస్తుంది. నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సైటు ఉన్నది ఇందుకే.

ఆఫీసులో నిర్వహణ

పెద్ద కంపెనీల్లో బ్రౌజర్ ఉద్యోగి చేతిలో ఉండదు. ఏ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవచ్చు, హోమ్ పేజీ ఏది, పాస్‌వర్డ్ దాచవచ్చా అన్నవన్నీ పాలసీల ద్వారా వేల సిస్టమ్‌లకు ఒకేసారి వెళతాయి. మెనూ అడుగున ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని కనిపించేది అందుకే. సొంత సిస్టమ్‌లో ఆ మాట కనిపిస్తే మాత్రం ఆరా తీయాలి: యాంటీవైరస్ పెట్టిన పాలసీ కావచ్చు, చెడ్డ సాఫ్ట్‌వేర్ చొప్పించినదీ కావచ్చు.

క్రోమ్ 2021లో నాలుగు వారాలకో కొత్త వెర్షన్ ఇచ్చే పద్ధతికి మారింది. అంత వేగం తట్టుకోలేని సంస్థల కోసం ఫైర్‌ఫాక్స్‌లో ఈఎస్‌ఆర్ అనే నిలకడ శాఖ ఉంది. దానికి భద్రతా సవరణలు వస్తూనే ఉంటాయి గానీ రూపురేఖలు ఏడాదిపాటు పెద్దగా మారవు. పాత పోర్టళ్ల బరువు ఇంకా మిగిలే ఉంది. డిజిటల్ సంతకాల కోసం, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే నడిచే యాక్టివ్‌ఎక్స్ మీద కట్టిన అప్లికేషన్లు దాన్ని వదల్లేకపోయాయి. 1995లో పుట్టిన ఆ బ్రౌజర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విశ్రాంతినిచ్చి, పాత సైట్లను నడపడానికి ఎడ్జ్‌లోనే ఐఈ మోడ్ పెట్టి, కనీసం 2029 దాకా కొనసాగిస్తానని చెప్పింది.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత ఖాతాకు, కంపెనీ ఖాతాకు వేర్వేరు ప్రొఫైళ్లు పెట్టుకోవడం అందరికీ అలవాటు కావాల్సిన పని. ఉద్యోగం మారేరోజు ల్యాప్‌టాప్ అప్పగించేటప్పుడు ఒక ప్రొఫైల్ తీసేస్తే చాలు. బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఆ యంత్రంలో ఉండిపోవు.

తెలుగు అక్షరం తెరకెక్కడం

తెలుగువాళ్లలో చాలామందికి బ్రౌజర్ సెట్టింగుల్లో వేలు పెట్టడం అలవాటు చేసింది తెలుగు చదవాలన్న తపనే. తొలి తెలుగు వార్తల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఈనాడు సైటుదీ అదే దారి. ఆ ఫాంట్లలో రోమన్ అక్షరాల గదుల్లో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తుల ముక్కలను కూర్చోబెట్టారు. ఫైలులో ఉండేది రోమన్ గజిబిజే, ఫాంటు తొడిగితేనే అది తెలుగు. ఫాంటును పేజీతోపాటే పంపే డైనమిక్ ఫాంటు పద్ధతి ఉన్నా, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఈఓటీ రూపం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే అర్థమయ్యేది. 2004 నవంబర్ 9న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 1.0లో అవే పేజీలు పిచ్చి గీతల్లా కనిపించేవి. ఆ వార్తలు వెతుకులాటకు అందేవి కావు, కాపీ చేసి మరోచోట అతికిస్తే చదవడానికి పనికొచ్చేవి కావు.

దీనికి మందు కనిపెట్టినవారు వెన్న నాగార్జున. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టినదీ ఆయనే. ఆయన రాసిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్, సొంత ఫాంట్లలో ఉన్న పేజీని తెరిచిన చోటే, అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. తర్వాత తమిళం, మలయాళం వంటి లిపులకూ విస్తరించింది. సైటు యజమాని ఏమీ మార్చకుండా, పాఠకుడి బ్రౌజర్‌లోనే లోపాన్ని సరిదిద్దిన ఈ పని తెలుగు కంప్యూటింగ్ చరిత్రలో చాలా గొప్పది. దానికి రావాల్సినంత పేరు రాలేదు. 2017 నవంబర్ 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నింటికీ తలుపు మూసింది. అప్పటికి పత్రికల సైట్లు చాలావరకు యూనికోడ్‌లోకి వచ్చేశాయి.

యూనికోడ్ వచ్చినంతమాత్రాన కష్టాలు తీరలేదు. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు కూర్పు దానంతటది పనిచేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతం, భాషల సెట్టింగులకు వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్టుల గడిలో టిక్ పెడితే, అది ఎక్స్‌పీ సీడీ అడిగేది. ఇంటర్నెట్ సెంటర్లో ఆ సీడీ ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్ తెలుగు బ్లాగర్లు కృష్ణకాంత్ పార్కులో కలుసుకుంటూ, ఈ-తెలుగు సంఘంగా ఏర్పడి, పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవారికల్లా చెప్పినది ఈ సంగతులే: కంప్యూటర్‌లో తెలుగు కనిపించడం ఎలా, రాయడం ఎలా.

ఇప్పటికీ తెరమీది తెలుగు చెడితే, చెడిన తీరే జబ్బు పేరు చెబుతుంది. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదు. విండోస్‌లో గౌతమి, తర్వాత వచ్చిన నిర్మలా యూఐ ఉన్నాయో లేదో చూడాలి. అక్షరాలు ఉండి, వత్తులు కిందికి దిగకుండా పక్కపక్కన నిలబడితే కూర్చే ఇంజన్ పనిచేయడం లేదు. నెత్తిన వాలుగీత ఉన్న రోమన్ ఎ, దాని పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే వస్తుంటే ఫైలులో తెలుగు భద్రంగానే ఉంది. యూనికోడ్‌ను ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెంటిలో ఒకటి. బ్రౌజర్ వాటిని పాత పాశ్చాత్య పద్ధతిలో చదివితే ఆ గుర్తులే తెరపైకి వస్తాయి. పేజీ ఎన్‌కోడింగ్ సరిచేస్తే తెలుగు తిరిగొస్తుంది.

జ్ఞానం అనే మాట చూడండి. కంటికి కనిపించేవి రెండు అక్షరాలు, వెనక సున్నా. ఫైలులో ఉన్నవి ఆరు సంకేతాలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, సున్నా. ఈ వరసను చదివి, ఞ వత్తును జ కిందికి చేర్చి, దీర్ఘాన్ని పైకెక్కించే పనిని క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో హార్ఫ్‌బజ్ అనే ఇంజన్, యాపిల్ యంత్రాల్లో కోర్‌టెక్స్ట్ చేస్తాయి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అక్షరంలోనే, దీర్ఘానికి ముందు కంటికి కనబడని విడదీత సంకేతం ఒకటి చేరిన వరస ఎదురైతే కోర్‌టెక్స్ట్ కుప్పకూలింది. ఐఫోన్‌లో సందేశాల యాప్‌లు, మ్యాక్‌లో సఫారీ ఉన్నపళంగా మూతపడ్డాయి. ప్రపంచ పత్రికలు ‘తెలుగు అక్షరం’ అని రాశాయి గానీ అక్షరంలో ఏ తప్పూ లేదు, దాన్ని గీసే చేతిలోనే తప్పుంది. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6ను, మ్యాక్‌కు 10.13.3 అనుబంధ అప్‌డేట్‌ను విడుదల చేసి దాన్ని సరిచేసింది. ఇలా ఒక పేజీ వల్ల కూలిన సఫారీ, తిరిగి తెరవగానే పాత ట్యాబులను వెనక్కి తెచ్చుకుని అదే పేజీ దగ్గర మళ్లీ కూలవచ్చు. షిఫ్ట్ మీట పట్టుకుని తెరిస్తే పాత ట్యాబులు రావు.