బందరులో రోస్ట్ బీఫ్

బందరు తెలిసినవాళ్ళు ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అన్న పేర్లు వినే ఉంటారు. వలందులంటే డచ్చివాళ్ళు, పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. అద్దకం గుడ్డల కోసం వచ్చారని అందరం చదువుకున్నాం. ఇక్కడ ఏం తిన్నారో మాత్రం మన పాఠాల్లో ఉండదు.

ఇంగ్లీషు కంపెనీ వాళ్ళ 'గ్లోబ్' ఓడ 1611లో బందరు చేరింది. ఇంగ్లీషువాడికి రోస్ట్ బీఫ్ అంటే మనకి ఆవకాయ లాంటిది. 1731లో హెన్రీ ఫీల్డింగ్ తన నాటకంలో దానిమీద ఏకంగా పాటే పెట్టాడు. ఫ్రెంచివాళ్ళు వీళ్ళని 'రోస్‌బిఫ్' అని వెక్కిరిస్తారు కూడా. పక్కటెముకలతో సహా పెద్ద ముక్క కొని, చల్లటిచోట రోజుల తరబడి వేలాడదీసి, ఇనుప చువ్వకి గుచ్చి నిప్పు ముందు తిప్పుతూ కాల్చడం వాళ్ళ పద్ధతి.

ఇది బందరులో కుదిరే పనేనా? మన ఎండకి పచ్చి మాంసం ఒక పూట దాటితే గొప్ప. పైగా పశువే వేరు. ఇక్కడ ఎద్దు నాగలికి, బండికి. పని చెయ్యలేని వయసొచ్చాకే కోతకి వెళ్ళేది. ఆ కండలో కొవ్వు తక్కువ, నార ఎక్కువ. అలాంటి ముక్కని ఊరికే కాలిస్తే చెప్పు తోలే :) చిన్న ముక్కలు కోసి సన్నసెగ మీద గంటలకొద్దీ ఉడికించడమో, ఉప్పూ పసుపూ పట్టించి ఎండబెట్టి తునకలు చెయ్యడమో... నన్నడిగితే సరైన ఇంజనీరింగు అదే. తర్వాతికాలంలో దొరల వంటవాళ్ళు కూడా కొవ్వున్న మూపురాన్ని ఉప్పులో ఊరేసి ఉడకబెట్టే దారికొచ్చారు.

అసలు విషయం ఇది. విలియం మెథ్‌వోల్డ్ అనే కంపెనీ ఉద్యోగి 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్నాడు. గోల్కొండ రాజ్యం గురించి ఆయన రాసింది 1626లో అచ్చయింది. అందరికన్నా కింద పెట్టిన కులంవాళ్ళు చచ్చిన గొడ్ల తోలు తీసి ఆ మాంసం తింటారని, ఆ తోలుతో చెప్పులు కుడతారని, సరుకు తడవకుండా మూటలు కట్టడానికీ అది వాడతారని అందులో ఉంది. అంటే మనం గొప్పగా చెప్పుకునే గుడ్డల వ్యాపారంలో వాళ్ళ చేతి తోలుకీ వాటా ఉన్నట్టే కదా! అద్దకం గురించి మాట్లాడినంతగా ఆ తోలు గురించి ఎవరైనా మాట్లాడగా విన్నారా? దొర తింటే రోస్టు, పల్లెలో తింటే 'గొడ్డు మాంసం' అని ముక్కు మూసుకోవడం. నాలుగొందల ఏళ్ళయినా ఈ లెక్క పెద్దగా మారలేదు.

ఇక కొనే సంగతి. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం ఆవునీ ఆవుదూడనీ కోయకూడదు. ఎద్దుకైనా దున్నకైనా, పనికీ సంతానానికీ పనికిరాదని అధికారి సర్టిఫికెట్ ఇవ్వాలి. కాబట్టి అమెరికా నుంచి సెలవులకి వచ్చి గుడివాడలోనో అవనిగడ్డలోనో రిబ్ రోస్ట్ చేద్దామనుకునే మిత్రులారా, మీకు దొరికేది ముదురు మాంసమే. పచ్చి బొప్పాయి ముద్ద పట్టించండి, ముందు కుక్కర్లో మెత్తగా ఉడికించండి, ఆ తర్వాతే ఓవెన్ జోలికి వెళ్ళండి.