ఆర్కెస్ట్రా కృతుల పియానో రూపాంతరం

ఆర్కెస్ట్రా కోసం రాసిన సంగీతాన్ని పియానో మీద, చాలాసార్లు ఒక్కరే, వాయించేలా తిరగరాయడాన్ని పియానో రూపాంతరం లేదా ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. పదుల మంది వాద్యకారులు పంచుకునే స్వరాలను పది వేళ్లకు సర్దడమే ఇందులోని పని. ఐరోపాలో ఇది ఇళ్లలోని అవసరంగా మొదలైంది. 19వ శతాబ్దంలో హంగేరీలో పుట్టిన ఫ్రాంజ్ లిస్ట్ (1811–1886) చేతుల్లో కళగా ఎదిగింది. గ్రామఫోను వచ్చి ఆ అవసరం తీరిపోయినా కళ మాత్రం నిలిచింది. ఎందుకు నిలిచిందో తెలియాలంటే ఈ రూపాంతరాలు ఎలా పుట్టాయో, ఎలా తయారవుతాయో చూడాలి.

నేపథ్యం

రికార్డులు లేని కాలంలో సింఫనీ వినాలంటే ఆర్కెస్ట్రా ఉన్న నగరంలో ఉండాలి, ఆ కృతిని వాయించే రోజు కోసం కాచుకోవాలి. పారిస్ అంతటి నగరంలో కూడా బీథోవెన్ సింఫనీలు శ్రోతలకు దగ్గరైంది 1828లో కండక్టరు అబెనెక్ సారథ్యంలో కన్సర్వేటరీ కచేరీల సంఘం మొదలయ్యాకే. చిన్న ఊళ్లవాళ్లకు ఆ పాటి అవకాశమూ లేదు. అయితే ఉన్నంతలో కలిగిన ఇళ్లలో పియానో ఉండేది. అందుకే ప్రచురణకర్తలు పెద్ద కృతులను ఇంట్లో వాయించుకునే రూపంలోకి మార్పించి అమ్మేవారు. ఒకే పియానో ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని నాలుగు చేతులతో వాయించే ప్రతులకు గిరాకీ ఎక్కువ. బీథోవెన్ రెండో సింఫనీ పియానో, వయొలిన్, చెల్లోలకు కుదించిన రూపంలో కూడా అచ్చయింది. తరువాతి తరంలో బ్రామ్స్ తన సింఫనీలను తానే నాలుగు చేతులకు రాసుకున్నాడు.

ఈ ప్రతుల్లో చాలావరకు రాగం, దాని కింద నడిచే స్వరమేళనం మాత్రమే మిగిలేవి. ఏ వాద్యం ఎప్పుడు పలికింది, ధ్వని ఎలా చిక్కబడి ఎలా పలచబడింది అన్నది జారిపోయేది. లిస్ట్ పట్టుకున్నది ఆ జారిపోయిన భాగాన్నే.

లిస్ట్, బెర్లియోజ్

1830 డిసెంబరు 5న పారిస్‌లో బెర్లియోజ్ రాసిన ‘సింఫనీ ఫాంటాస్టిక్’ తొలిసారి వినిపించింది. పంతొమ్మిదేళ్ల లిస్ట్ ఆ కచేరీలో ఉన్నాడు. 1833లో ఆ సింఫనీని మొత్తంగా పియానోకు తిరగరాసి, మరుసటి ఏడు సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. బెర్లియోజ్ ఆర్కెస్ట్రా ప్రతి అచ్చులోకి వచ్చింది 1845లో. అంటే పదేళ్లకు పైగా పారిస్ బయటి సంగీతజ్ఞులకు ఈ సింఫనీని చదివే దారి లిస్ట్ పుస్తకమే. జర్మనీలో షూమన్ 1835లో తాను నడిపే పత్రికలో ఈ కృతి మీద సుదీర్ఘమైన విమర్శ రాసింది ఆ పియానో ప్రతిని ముందు పెట్టుకునే.

తాను చేసిన పనికి లిస్ట్ ‘పియానో స్కోరు’ అని పేరు పెట్టాడు. ఏ వాద్యం ఏమి పలుకుతుందో చూపించేది ఆర్కెస్ట్రా స్కోరు. అంత నిక్కచ్చిగా పియానో ప్రతి కూడా ఉండాలన్నది ఆయన పట్టుదల. ఈ సింఫనీలోని ‘ఉరికంబానికి నడక’ను ఒక కచేరీలో ఆర్కెస్ట్రా వాయించిన వెంటనే లిస్ట్ ఒక్కడే పియానో మీద వాయించాడనీ, అది ఆర్కెస్ట్రాను మించి పలికిందనీ పియానిస్టు చార్లెస్ హాలె తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1837లో రాసిన ఒక లేఖలో లిస్ట్ పియానో గొప్పతనం చెబుతూ, దాని ఏడు స్థాయిల్లో ఆర్కెస్ట్రా విస్తృతి అంతా ఇమిడి ఉందనీ, వంద మంది పలికించే స్వరమేళనాన్ని పది వేళ్లు పలికించగలవనీ వాదించాడు.

బీథోవెన్ తొమ్మిది సింఫనీలు

ఆ 1837లోనే ఫ్రాన్స్‌లోని నోఆఁ గ్రామంలో, రచయిత్రి జార్జ్ సాండ్ ఇంట్లో, లిస్ట్ బీథోవెన్ ఐదో, ఆరో సింఫనీలకు పియానో రూపం ఇచ్చే పనిలో కూర్చున్నాడు. ఆ రెండింటినీ లైప్‌జిగ్‌లోని బ్రైట్‌కోఫ్ ఉండ్ హెర్టెల్ సంస్థ 1840లో ప్రచురించింది. ఏడో సింఫనీ, మూడో సింఫనీలోని శోకయాత్ర భాగం ఆ తర్వాత వచ్చాయి. తొమ్మిదో సింఫనీని 1850 దశకం మొదట్లో రెండు పియానోలకు రాశాడు.

తొలి ప్రతులు వెలువడిన రెండు దశాబ్దాల తర్వాత, 1863లో, తొమ్మిదింటినీ పూర్తిచేసే పనికి పూనుకున్నాడు. అప్పటికి లిస్ట్ కచేరీ జీవితం వదిలేసి రోమ్‌లో ఉంటున్నాడు. మోంటె మారియో కొండ మీది మఠంలో బస. పాత ప్రతులను దిద్దుకుంటూ, మిగిలినవి కొత్తగా రాస్తూ వచ్చి తొమ్మిదో సింఫనీ చివరి భాగం దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఆర్కెస్ట్రాతో పాటు గాయక బృందం, నలుగురు ప్రధాన గాయకులు కలుస్తారు. ఇన్ని గొంతులూ ఇన్ని వాద్యాలూ రెండు చేతుల్లో పట్టవని ప్రచురణకర్తకు రాసి చేతులెత్తేశాడు. వాళ్లు పట్టు వదలకపోవడంతో మళ్లీ కూర్చుని పూర్తిచేశాడు. 1865లో వెలువడిన ఈ సంపుటాన్ని తన శిష్యుడు హాన్స్ ఫాన్ బ్యూలోకు అంకితమిచ్చాడు.

ఈ ప్రతుల్లో స్వరాల పక్కన ఫ్లూట్, హార్న్, టింపనీ అంటూ మూలంలోని వాద్యాల పేర్లు ఉంటాయి. ఆ పేర్లు పియానిస్టు చెవికోసం. ఇది హార్న్ పలుకు అని తెలిస్తే వేలు మెట్టు మీద పడే తీరు మారుతుంది. మంచి రూపాంతరకారుణ్ని లిస్ట్ చిత్తశుద్ధి గల అనువాదకుడితో పోల్చాడు. ఆయన రాసినవన్నీ ఒకే తరహావి కావు. ఒపెరా పాటల మీద అల్లిన ‘పారాఫ్రేజు’లలో మూలాన్ని తన ఇష్టం వచ్చినట్టు పెంచాడు, కుదించాడు, కలిపాడు. బీథోవెన్ దగ్గర మాత్రం మూలానికి కట్టుబడ్డాడు. నన్నయ భారతాన్ని తెనిగించిన తీరుకూ, ఒక శాస్త్రగ్రంథాన్ని మాట పోకుండా తెలుగులోకి తేవడానికీ ఉన్న తేడా లాంటిదే ఇదీ.

పనితనం

పియానోతో వచ్చే ప్రధాన చిక్కు ఒకటుంది. మెట్టు నొక్కితే సుత్తి తీగను కొడుతుంది, ఆ క్షణం నుంచే ధ్వని తగ్గుముఖం పడుతుంది. వయొలిన్ కమానుతో లాగినట్టు, ఊదు వాద్యంలో ఊపిరి పెంచినట్టు మధ్యలో స్వరాన్ని పెంచడం కుదరదు. రూపాంతరకారుడి యుక్తులన్నీ ఈ చిక్కు చుట్టూ తిరుగుతాయి.

మొదటిది ట్రెమొలో. తంత్రీ వాద్యాలు ఒకే స్వరాన్ని వణికిస్తూ సాగదీసేచోట పియానో రెండు స్వరాల మధ్య వేగంగా ఊగుతుంది. ఆరో సింఫనీలో తుఫాను భాగం ఇలాంటి చోట్లతో నిండి ఉంటుంది. రెండోది పెడల్. కుడి పెడల్ నొక్కితే తీగల మీది అదుపు తొలగి, చెయ్యి తీసినా స్వరం మోగుతూనే ఉంటుంది. అడుగున ఒక స్వరాన్ని మోగనిచ్చి, చేతులు పైకి దూకి మరో పని చూస్తాయి. మూడోది పియానిస్టు టాల్బర్గ్ ప్రసిద్ధం చేసిన ‘మూడో చెయ్యి’ భ్రమ. రెండు బొటనవేళ్లూ నడిమి స్థాయిలో రాగాన్ని పంచుకుంటే, మిగతా వేళ్లు పైనా కిందా స్వరాలను అలల్లా పరుస్తాయి. వినేవారికి మూడు చేతులు వాయిస్తున్నట్టు ఉంటుంది.

వాద్యం కూడా ఈ కళకు తోడు వచ్చింది. 1821లో ఎరార్ పేటెంటు పొందిన యంత్రాంగంతో మెట్టు పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ కొట్టడం సాధ్యమైంది. ఇనుప చట్రం వచ్చాక తీగలు ఎక్కువ బిగువును తట్టుకుని ధ్వని బలపడింది.

అన్నిటికంటే కష్టమైన పని వదిలిపెట్టడం. ఉన్న స్వరాలన్నీ రాస్తే చేతులకు అందవు, అందినా చెవికి రొదే మిగులుతుంది. ఏ స్వరం పోయినా పోలిక పోదో, ఏది పోతే ప్రాణం పోతుందో తేల్చుకోవాలి.

లిస్ట్ తర్వాత

లిస్ట్ స్వయంగా వాగ్నర్ ‘టాన్‌హాయ్‌సర్’ ప్రారంభ సంగీతాన్ని 1848లో, ‘ట్రిస్టన్’ చివరి ఘట్టాన్ని 1867లో పియానోకు తెచ్చాడు. సంగీతకర్త బుసోనీ (1866–1924) 1907లో వెలువరించిన సౌందర్య శాస్త్ర పుస్తకంలో రూపాంతరం అన్న భావనను చివరిదాకా తీసుకెళ్లాడు. మనసులో మెదిలిన సంగీతాన్ని స్వరలిపిలో పెట్టడమే ఒక రూపాంతరమని ఆయన చెప్పాడు.

20వ శతాబ్దంలో ఆర్కెస్ట్రాకు రాసినవారే ఈ పనికి దిగారు. రవెల్ 1920లో ‘లా వాల్స్’కు ఏకపియానో రూపం రాశాడు. కొన్నిచోట్ల అందులో అదనపు వరుస ఉంటుంది. ఆ వరుసలోంచి ఎంత కలుపుకోవాలో వాయించేవారే నిర్ణయించుకోవాలి. స్ట్రవిన్‌స్కీ 1921లో ‘పెట్రుష్కా’ నుంచి మూడు భాగాలను ఆర్థర్ రూబిన్‌స్టైన్ కోసం పియానోకు తిరగరాశాడు. 1928లో గీడో అగోస్తి ‘ఫైర్‌బర్డ్’ను, 1978లో మిఖాయిల్ ప్లెత్‌న్యోవ్ చైకోవ్‌స్కీ ‘నట్‌క్రాకర్’ను కచేరీ వేదికకు తెచ్చారు. ఎదురు దారిలో నడిచినవీ ఉన్నాయి. ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకు రాసిన ‘ప్రదర్శనలోని చిత్రాలు’ 1922లో రవెల్ చేతిలో ఆర్కెస్ట్రా కృతి అయింది.

రికార్డుల కాలం

గ్రామఫోను, రేడియో వచ్చాక సింఫనీ తానే ఇంటికి నడిచి వచ్చింది. నాలుగు చేతుల ప్రతులు అల్మారాల్లోకి చేరాయి. లిస్ట్ రూపాంతరాలను కూడా చాలాకాలం కాలం చెల్లిన సరుకుగానే చూశారు. 1968లో కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ బీథోవెన్ ఐదో సింఫనీకి లిస్ట్ రాసిన రూపాంతరాన్ని రికార్డుగా విడుదల చేశాడు. 1973లో వాగ్నర్ కృతులకు తానే రాసుకున్న రూపాలను వాయించాడు. ‘మైస్టర్‌సింగర్’ ప్రారంభ సంగీతంలో రెండు చేతులు చాలనిచోట తన వాయింపు మీదే మరో వాయింపును కలిపి రికార్డు చేశాడు. 1980 దశకంలో ఇదిల్ బిరెట్, సిప్రియాఁ కత్సారిస్ తొమ్మిది సింఫనీలనూ రికార్డుల్లోకి ఎక్కించారు. లెస్లీ హవర్డ్ లిస్ట్ పియానో రచనలన్నిటినీ రికార్డు చేసే మహాకార్యంలో వీటినీ చేర్చాడు.

ప్రాముఖ్యం

ఆర్కెస్ట్రాలో ఒక్కొక్కరూ తమ వంతు వాయిస్తారు, మొత్తాన్ని కూర్చేది కండక్టరు. పియానో రూపాంతరంలో ఆ కండక్టరూ ఆ బృందమూ ఒకే మనిషి. రంగులు తగ్గిన కొద్దీ గీతలు స్పష్టమైనట్టు, ఆర్కెస్ట్రా నిండుతనంలో మరుగున ఉండే లోపలి స్వరాలు, కట్టడం, ఒక భావం మరో భావంలోకి మళ్లే మలుపు ఇక్కడ బయటికి వినిపిస్తాయి. ఆర్కెస్ట్రా రికార్డు ఎంత మేలైనదైనా ఈ పని చెయ్యదు. ఒకప్పుడు సింఫనీ వినే వీలు లేనివాళ్లు దీన్ని వాయించుకున్నారు. ఇప్పుడు ఆ సింఫనీని వందసార్లు విన్నవాళ్లు, అందులో ఇంకా వినవలసింది ఉందని తెలిసి, పియానో ముందు కూర్చుంటున్నారు.