మూడో రోజు మాత్ర

పాడేరు మన్యం. ఆషాఢం వాన. ఇంటి రేకుల మీద గులకరాళ్లు కుమ్మరించినట్టు మోత. పొయ్యి పక్కన మూడు దుప్పట్ల కింద పదేళ్ల పిల్ల వణికిపోతోంది. పళ్లు టకటకమంటున్నాయి.

ఆశా కార్యకర్త తలుపు నెట్టుకుని వచ్చింది. తడిసిన గొడుగు మూలకు విసిరి పిల్ల వేలు పట్టుకుంది. సూది దించింది. ఎర్రటి బొట్టు. దాన్ని కిట్టులో వేసి, మందు చుక్కలు జార్చి, సెల్‌ఫోన్ వెలుతురులో కళ్లార్పకుండా కూర్చుంది. పావుగంట గడిచింది. కిట్టు పనిచేస్తోందని చెప్పే గీత ముందే పడింది. దాని పక్కన సన్నగా ఇంకొకటి తేలుతోంది.

ఫాల్సిపారం మలేరియా.

"పాపా, నేనెవరో చెప్పు?"

"ఆశమ్మవి."

నీళ్లిస్తే తాగింది. ఫిట్స్ లేవు. కళ్లు పచ్చబడలేదు. ఆమె ఊపిరి పీల్చుకుంది. పిల్ల మాట తడబడినా, గుక్కెడు నీళ్లు దిగకపోయినా ఈ మాత్రలు చాలవు, ఈ చీకట్లోనే డోలీ కట్టి ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి మోయాలి.

"ఏమన్నా తిందా?"

"పొద్దుట్నించీ ఏటీ ముట్టలేదమ్మా," అంది తల్లి.

"ఖాళీ కడుపు మీద వద్దు. చోడి అంబలి పట్టు."

సంచిలో వయసుకో రంగు ప్యాకెట్టు. ఏడాదిలోపు గులాబీ, తర్వాత పసుపు, ఆకుపచ్చ, పెద్దవాళ్లకు తెలుపు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్లకు ఎరుపు. ఎర్రదాన్ని చించింది. ఆర్టిసునేట్ ఒకటి, సల్ఫాడాక్సిన్-పైరిమెథమైన్ రెండు. పిల్ల మింగింది. ఇరవై నిమిషాలు గడిచాయి. భళ్లున కక్కేసింది.

అరగంట కాలేదు. అంటే మందు లెక్కలోకి రాదు. ఆమె చేయి మళ్లీ సంచిలోకి వెళ్లింది. విడి ప్యాకెట్టు తీసి మొత్తం మోతాదు మళ్లీ మింగించింది. ఈసారి గడియారం చూస్తూ కూర్చుంది.

ఆర్టిసునేట్ పిడుగులాంటిది. దాని తల్లి మందును చైనాలో తు యూయూ బృందం ఒక మాచిపత్రి జాతి మొక్క నుంచి పట్టింది. 1972లో ఆమె ముందుగా తనే మింగి చూసింది. 2015లో నోబెల్ వచ్చింది. ఆ మందు వేగంగా కొడుతుంది, అంతే వేగంగా ఒంట్లోంచి పోతుంది. మిగిలిన క్రిముల్ని రోజుల తరబడి వెంటాడేది దాని జోడీ మందు, సల్ఫాడాక్సిన్-పైరిమెథమైన్. అందుకే 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒంటరి మాత్రలు ఆపమంది. అయినా కంబోడియా వైపు క్రిములు ఆర్టిసునేట్‌కూ మొండికేశాయి. జోడీ అయినా మూడు రోజులూ పడాల్సిందే.

రెండో రోజు చెమట పట్టింది. జ్వరం దిగింది. ఆర్టిసునేట్‌తో పాటు ఆ ఒక్కరోజుకే ప్రైమాక్విన్ ఇచ్చింది. "మూత్రం నల్లగా వస్తే అర్ధరాత్రయినా కబురు పెట్టన్నా," అని చివరి మాత్ర తండ్రి చేతిలో పెట్టింది.

మూడో రోజు గెడ్డ పొంగింది. నడుముల్లోతు నీళ్లు, కాళ్ల కింద జారే రాళ్లు, తలమీద సంచి, అవతల గట్టున వద్దమ్మా వద్దంటూ చేతులూపుతున్న మనుషులు, ఇవన్నీ దాటుకుని ఆ ఇంటి ముందుకొచ్చేసరికి పిల్ల వాకిట్లో కోడిపిల్ల వెంట పరిగెడుతోంది.

"మాత్ర వేశావా అన్నా?"

తండ్రి తలొంచుకున్నాడు. చూరులోంచి కాగితం మడత తీశాడు.

"దీనికి తగ్గిపోనాది కదమ్మా. చిన్నోడికి రాత్రినుంచి ఒళ్లు కాలిపోతోంది. ఆడికని దాచాను."

ఆమె మాట్లాడలేదు. పిల్లను పిలిచింది. అంబలి పట్టించి మాత్ర మింగించింది. అరగంట కదలనివ్వలేదు. ఆ అరగంటలోనే నాలుగేళ్ల చిన్నోడి వేలికి సూది దిగింది.

రెండో గీత పడింది. అక్కకు పడ్డ చోట కాదు.

వైవాక్స్. మలేరియాలో మరో రకం. మందే వేరు. మూడు రోజులు క్లోరోక్విన్. కాలేయంలో నక్కిన క్రిమికి రోజూ కొద్దికొద్దిగా ప్రైమాక్విన్.

"ఎన్నాళ్లమ్మా?"

"పద్నాలుగు రోజులన్నా."

బయట గెడ్డ హోరు ఇంకా పెరుగుతోంది. ఆమె చిన్నోణ్ని ఒళ్లోకి తీసుకుంది. "అంబలి ఇంకా ఉందా వదినా?"