పట్టమునకు ముందే పరిశోధన

పరిశోధన అనునది ఎం.ఎస్‌సి. ముగించి విశ్వవిద్యాలయములో చేరిన తరువాత మాత్రమే చేయదగిన పని అని మనలో పలువురి నమ్మకము. బి.ఎస్‌సి. విద్యార్థి పాఠము వినవలెను, ప్రయోగశాలలో చెప్పినది చెప్పినట్లు చేయవలెను, రికార్డు పుస్తకము నింపవలెను. అంతటితో అతని పని తీరినది. ఈ నమ్మకము ఎట్లు ఏర్పడినది? కర్నూలు, కడప వంటి మెట్టసీమల కళాశాలలలో దీనిని మార్చుటకు వీలు కలదా?

నేను అధ్యాపకుడనైన తొలి సంవత్సరములో ఒక విద్యార్థి లోలకముతో గురుత్వ త్వరణమును కొలిచి, ఫలితమును పుస్తకములో ఉన్నట్లే వ్రాసి తెచ్చినాడు. దారము పొడవు ఎంత తీసికొంటివని అడుగగా చెప్పలేకపోయినాడు. నిరుటి విద్యార్థి రికార్డు నుండి అంకెలు దించుకొన్నాడు. అతనిపై కోపపడినాను. తరువాత ఆలోచించగా తప్పు అతనిది మాత్రమే కాదనిపించినది. జవాబు అందరికీ ముందే తెలిసిన ప్రశ్న అడిగితిమేని, దానిని దించుకొనుటయే దగ్గరి దారి కదా!

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన పొరుగుననే కలదు. చంద్రశేఖర వేంకట రామన్ 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. ముగించి, అక్కడనే ఎం.ఏ.లో చేరినాడు. కాంతి వాలుగా పడునప్పుడు ఏర్పడు వివర్తన పట్టీలను పరిశీలించి, అవి రెండు ప్రక్కల ఒకే తీరుగా లేవని గమనించినాడు. దీర్ఘచతురస్రాకారపు రంధ్రమువలన ఏర్పడు ఈ అసమాన పట్టీలనుగూర్చి అతడు వ్రాసిన వ్యాసము 1906 నవంబరులో ఇంగ్లండులోని ‘ఫిలసాఫికల్ మాగజైన్’ పత్రికలో వెలువడినది. అప్పటికి అతని వయస్సు 18 ఏండ్లు. ఎం.ఏ. విద్యార్థియే అయినను, వయస్సునుబట్టి చూచిన నేటి బి.ఎస్‌సి. విద్యార్థి ఈడువాడు. అతనికి ప్రత్యేక ప్రయోగశాల లేదు. కళాశాలలోని పరికరములే ఆధారము. అందరును చూచు పట్టీలనే అతడును చూచినాడు. కాని చూచినదానిని పుస్తకముతో సరిపెట్టక, ‘ఎందువలన?’ అని అడిగినాడు.

మరి రామన్‌వంటివారు అరుదగుటకు కారణమేమి? తెలివి తక్కువ అనుకొనుట పొరపాటు. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయము ఆనాటి లండన్ విశ్వవిద్యాలయమును అనుసరించినది. అనగా బోధన కళాశాలల పని, పరీక్ష పెట్టి పట్టమిచ్చుట విశ్వవిద్యాలయము పని. 1904 నాటి విశ్వవిద్యాలయముల చట్టము తరువాత విశ్వవిద్యాలయములు తామే బోధనకు, పరిశోధనకు పూనుకొనుటకు త్రోవ ఏర్పడినది. ఆ పరిశోధన విశ్వవిద్యాలయ శాఖలలో వేరూనినదే కాని, అనుబంధ కళాశాలలకు అంతగా దిగిరాలేదు. ప్రశ్నపత్రము ఒకచోట, బోధించువాడు మరియొకచోట. ఇట్టి ఏర్పాటులో పరీక్షకు రాని ప్రశ్నకు విలువ ఎక్కడిది?

రాయలసీమకు కళాశాల విద్యయే ఆలస్యముగా అందినది. మదనపల్లెలో 1915లోను, అనంతపురములో 1916లోను కళాశాలలు వెలసినవి. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ కృషివలన 1947లో ఉస్మానియా కళాశాల, కడపలో 1948లో ప్రభుత్వ కళాశాల ఏర్పడినవి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వచ్చినది. కడపకు యోగి వేమన విశ్వవిద్యాలయము 2006లోను, కర్నూలుకు రాయలసీమ విశ్వవిద్యాలయము 2008లోను లభించినవి. అనగా ఈ రెండు పట్టణములలోను కళాశాలకును, విశ్వవిద్యాలయమునకును నడుమ సుమారు అరువది ఏండ్ల ఎడము కలదు. అన్ని ఏండ్లు ఇక్కడి విద్యార్థి పరిశోధన చూడవలెనన్న ఊరు విడిచి పోవలసినదే.

ఇదే చిక్కును అమెరికాలోని చిన్న కళాశాలలు మరియొక తీరున పరిష్కరించుకొన్నవి. అక్కడ ‘లిబరల్ ఆర్ట్స్’ కళాశాలలని కొన్ని కలవు. వానిలో సాహిత్యము, చరిత్ర, గణితము, విజ్ఞానశాస్త్రములు అన్నియు కలిపి బోధింతురు. పెక్కింటిలో డాక్టరేటు విద్యార్థులు ఉండరు. ఇది లోపమే. కాని ఆ లోపమే అవకాశమైనది. ఉపాధ్యాయుడు పరిశోధన చేయదలచినచో ప్రక్కన నిలిచి సాయపడువారు ఎవరు? పట్టమునకు చదువుచున్న విద్యార్థియే! పెద్ద విశ్వవిద్యాలయములో పరిశోధక విద్యార్థికి దక్కు చోటు ఇక్కడ పందొమ్మిదేండ్ల పిల్లవానికి దక్కినది. ఇట్టి కళాశాలల రసాయన శాస్త్రోపాధ్యాయులు కొందరు 1978లో పట్టపూర్వ పరిశోధన కొరకు ఒక మండలిని స్థాపించినారు. అంతకు ముందే, 1969లో, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో మార్గరెట్ మెక్‌వికర్ అను భౌతికశాస్త్రజ్ఞురాలు తొలి సంవత్సరపు విద్యార్థి సైతము ఉపాధ్యాయుని పరిశోధనలో పాల్గొను ఏర్పాటు చేసినది.

మన దేశములోను దారులు తెరచుకొన్నవి. ‘కిశోర వైజ్ఞానిక ప్రోత్సాహన యోజన’ 1999లో ఆరంభమై, 2022 వరకు ప్రత్యేక పథకముగా నడచినది. విజ్ఞాన అకాడమీలు వేసవి సెలవులలో విద్యార్థులను శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలకు పంపు ఏర్పాటు చేసినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము నాలుగవ సంవత్సరములో పరిశోధనకు చోటు కల్పించినది. ఇవన్నియు మేలైనవే. అయితే వేసవి అవకాశము కొందరికే లభించును. తక్కిన విద్యార్థులు ఏమి కావలెను? వారికి కావలసిన ప్రయోగశాల కళాశాల గోడ దాటగానే కలదు.

మన ఇండ్లలో పరచిన కడప బండనే చూడుడు. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాశ్రేణులను వర్ణించి పెద్ద గ్రంథము వెలువరించినాడు. కడప శ్రేణిలోని క్రింది పొరలు 180 కోట్ల ఏండ్లకు పూర్వపువి. వేంపల్లె సున్నపురాతిలో స్ట్రొమాటోలైటులు కలవు. సూక్ష్మజీవులు పొరపై పొరగా పేర్చిన రాతి కట్టడములివి. మన విద్యార్థులు వీని బొమ్మను పుస్తకములో చూచి, అసలు రాతిపై కాలు మోపి నడచిపోవుచున్నారు.

బేతంచెర్ల సమీపమున, నేటి నంద్యాల జిల్లాలో, బిల్లసర్గం గుహలు కలవు. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అచ్చట త్రవ్వి ప్రాచీన జంతువుల ఎముకలు వెలికితీసినారు. కుమారుడు భూగర్భ శాస్త్రజ్ఞుడు కాడు, సైన్యములో యువ అధికారి. ఐనను తండ్రి వద్ద పద్ధతి నేర్చి, త్రవ్వకములో అధికభాగము నడిపినాడు.

ఇక కలివికోడి కథ. టి.సి. జెర్డన్ 1848లో లోకమునకు తెలిపిన ఈ పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంట పడలేదు. నశించినదనియే పలువురు తలచినారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపమున, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వెదకుచుండగా, పిట్టలు పట్టు ఐతన్న అను స్థానికుడు రాత్రివేళ దానిని పట్టి చూపినాడు. తరువాతి కాలమున పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పట్టీలు పరచి, వానిపై పడిన అడుగు జాడలనుబట్టి పక్షి ఉనికిని గుర్తించినారు. మట్టి, కొలబద్ద, తెల్లవారుజామున లేచు ఓపిక ఉన్నచో ఇట్టి పద్ధతి ఏ కళాశాలకైనను అందును.

లోలకపు రికార్డు వ్యవహారము జరిగిన మరుసటి ఏడు నేను తరగతికి జవాబు నాకే తెలియని ప్రశ్న నొకదానిని ఇచ్చినాను: మీ ఊరి బావులలో నీటిమట్టము వానలకు ముందు ఎంత, తరువాత ఎంత? నిరుడు అంకెలు దించుకొన్న విద్యార్థియే రెండు బావుల కొలతలు తెచ్చినాడు. రెంటికిని నడుమ దూరము ఫర్లాంగు లేదు. ఒకదానిలో నీరు నిలువెత్తు పెరిగినది, రెండవదానిలో జానెడైనను పెరుగలేదు. తన కొలత తప్పనుకొని మూడు ఆదివారములు మరల కొలిచినాడు. ఒక బావి పగుళ్లున్న సున్నపురాతిలోను, మరియొకటి నీరింకని పలకరాతిలోను త్రవ్వినవని తుదకు తేలినది.

“ఇది ఏ పుస్తకంలో ఉండాది సార్?” అని అడిగినాడు.

“ఏ పుస్తకములోను లేదు, నీ నోటుబుక్కులోనే ఉన్నది” అన్నాను.

అతడు గొప్ప శాస్త్రజ్ఞుడు కాలేదు. కాని నాటినుండి దించుకొన్న అంకె నా వద్దకు తేలేదు. వానలు నమ్మరాని సీమలో నీరు ఎక్కడ నిలుచునో స్వయముగా కొలిచి తెలిసికొనువాడు ఊరికి ఒక్కడున్నను అది తక్కువ లాభము కాదు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు సైతము ఏడాదికి ఒక్క ప్రశ్న, జవాబు తమకే తెలియనిది, పిల్లల ముందుంచి చూడవలెను. ఒక తాడు, ఒక కొలబద్ద చాలును.