మిఠాయి అయిపోతుంది, కాగితం ఉంటుంది

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలో చాలా ఇళ్ళ వంటగదుల్లో ఒకటే హడావిడి. కుకీలు, ఫడ్జ్, కారమెల్స్ ఇంట్లోనే చేసి, రేకు డబ్బాల్లో సర్ది, రిబ్బను కట్టి, పక్కింటివాళ్ళకీ చుట్టాలకీ పిల్లల టీచర్లకీ ఇస్తారు. మనం సంక్రాంతికి అరిసెలూ జంతికలూ నాలుగిళ్ళకీ పంచినట్టే, అమ్మాయిని అత్తవారింటికి పంపేటప్పుడు సారె పెట్టినట్టే.

ఈ కానుకతో ఒక చిక్కుంది. నగ పెడితే తరాలు ఉంటుంది, చీర పెడితే బీరువాలో ఉంటుంది. మిఠాయి వారంలో అయిపోతుంది. చేసినావిడ పేరు కూడా దాంతోపాటే పోతుంది. ఈ క్రిస్మస్ డబ్బాల చరిత్ర చదువుతుంటే నాకు తట్టిన సంగతి ఇదే. ఇవాళ మనకి తెలిసిన ప్రతి మిఠాయి వెనుకా ఎవరో ఒకావిడ ఒక కాగితం రాసి ఉంచింది.

మొదటి కాగితం 1796 నాటిది. అమీలియా సిమన్స్ అనే ఆవిడ కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక వంటల పుస్తకం అచ్చు వేయించింది. అమెరికావాళ్ళు రాసి, అక్కడే అచ్చయిన మొదటి వంటల పుస్తకంగా దానికి పేరు. అట్ట మీద తన గురించి ఆవిడ చెప్పుకున్నది ఒక్కటే: అమెరికన్ అనాథనని. పుస్తకాన్ని అచ్చుకి సిద్ధం చేసేంత చదువు లేక ఇంకొకరి చేత రాయించుకుంటే, ఆ మనిషి కొన్ని వదిలేసి తనకి అన్యాయం చేశాడని తర్వాత పుస్తకంలోనే ఆవిడ ప్రకటన వేయించింది. అంత కష్టపడి అచ్చుకెక్కించిన వాటిలో క్రిస్మస్ కుకీ ఒకటి. కుకీ అంటే డచ్చి భాషలో చిన్న కేకు. న్యూయార్క్ ప్రాంతంలో స్థిరపడ్డ డచ్చివాళ్ళ నుంచి ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చింది.

ఆ కుకీలో ఏం వేసిందో వింటే మీరు ఆశ్చర్యపోతారు. ధనియాల పొడి! మూడు పౌండ్ల పిండికి, అంటే దాదాపు 1.35 కిలోలకి, ఒక టీ కప్పు మెత్తటి ధనియాల పొడి. పౌండు వెన్న, పౌండున్నర పంచదార. పొంగడానికి కట్టెల బూడిద నుంచి తీసిన క్షారాన్ని పాలలో కరిగించి పోయమంది. ఇప్పుడు మనం వేసే వంటసోడా పని అప్పట్లో అది చేసేది. కాల్చిన కొత్తలో గట్టిగా ఉంటాయి, మట్టికుండలో పెట్టి ఉంచితే ఆరు నెలలకి మెత్తబడి ఇంకా బాగుంటాయి అని కూడా రాసింది. ఆరు నెలల తర్వాత తినిచూసిన ఆడమనిషి తప్ప ఆ మాట ఎవరు చెప్పగలరు?

రెండో కాగితం ఒక ఉత్తరం. న్యూయార్క్ రాష్ట్రంలో ఆడపిల్లల కోసం పెట్టిన వాసర్ కాలేజీలో ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్ అనే విద్యార్థిని ఉండేది. 1886లో బాల్టిమోర్‌లో ఫడ్జ్‌ని పౌండు 40 సెంట్లకి అమ్మేవారనీ, అది తన స్నేహితురాలి బంధువు చేసినదనీ, ఆ వంటకం తాను సంపాదించి 1888లో కాలేజీ వేలం కోసం 30 పౌండ్లు, అంటే 13 కిలోల పైచిలుకు, చేశాననీ ఆమె తర్వాత ఉత్తరంలో రాసింది. రెండు కప్పుల పంచదార, కప్పు మీగడ, కాస్త చాక్లెట్, ఒక చెంచా వెన్న. అంతే సరుకు. త్వరలోనే మిగతా ఆడపిల్లల కాలేజీలకీ ఇది పాకింది. స్మిత్, వెల్‌స్లీ కాలేజీల పేర్లతో కూడా ఫడ్జ్ వంటకాలు అచ్చయ్యాయి.

ఫడ్జ్‌కి పాకం ఎలా చూస్తారో తెలుసా? చల్లటి నీళ్ళలో ఒక చుక్క వేసి, వేళ్ళతో తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. థర్మామీటరు పెడితే 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్. మనం అరిసెలకి పళ్ళెంలో నీళ్ళు పోసుకుని చూసుకునే ఉండపాకం పరీక్ష అదే కదా! ఆ మాటకొస్తే క్యాండీ అనే మాట కూడా మన దేశానిదే. సంస్కృతంలో ఖండ అంటే ముక్క, చక్కెర ముక్క. అది పారశీకంలోకీ, అరబ్బీలోకీ, ఫ్రెంచిలోకీ వెళ్ళి క్యాండీగా ఇంగ్లీషులో తేలింది. మన కండచక్కెరలో ఉన్నదీ ఆ ఖండమే.

ఇక కొలతల సంగతి. 1896లో బోస్టన్ వంట స్కూలు ప్రిన్సిపాల్ ఫానీ ఫార్మర్ వంటల పుస్తకం వేయాలనుకుంటే, ప్రచురణకర్తలకి అది అమ్ముడుపోతుందన్న నమ్మకం లేదు. మొదటి 3,000 కాపీల ఖర్చు ఆవిడే పెట్టుకుంది. కప్పు అంటే తలకొట్టిన కప్పు, చెంచా అంటే తలకొట్టిన చెంచా అని ఆవిడ పట్టుబట్టింది. తర్వాత ఆ పుస్తకం లక్షల ఇళ్ళకి చేరింది. కొలత ఉంటే ఖర్చు లెక్క తేలుతుంది, లెక్క తేలితే ఆడపిల్ల చేతిలో డబ్బు ఆడుతుంది. 1917లో ఓక్లహోమాలోని మస్కోగీలో గర్ల్ స్కౌట్ పిల్లలు తమ కార్యక్రమాల ఖర్చు కోసం ఇంట్లో కాల్చిన కుకీలు స్కూల్లో అమ్మారు. 1922లో వాళ్ళ పత్రికలో వచ్చిన వంటకం పక్కనే లెక్క కూడా ఉంది. ఆరేడు డజన్ల కుకీలకి సరుకు 26 నుంచి 36 సెంట్లు, అమ్మితే డజనుకి 25 నుంచి 30 సెంట్లు.

చాక్లెట్ ముక్కలు వేసిన కుకీ 1930ల చివర్లో వచ్చింది. మసాచుసెట్స్‌లో టోల్ హౌస్ అనే భోజనశాల నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ దాన్ని తయారుచేసింది. ఆవిడ పిండిలో పొరపాటున చాక్లెట్ పడి అది పుట్టిందని ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. ఆవిడ చదువుకున్న డైటీషియన్, కొత్తగా ఏదైనా పెట్టాలని ఆలోచించే చేశానని తనే చెప్పింది. ఒక ఆడమనిషి పనితనం లోకానికి పొరపాటుగా గుర్తుండిపోవడం నాకైతే మనసుకి గుచ్చుకుంది. ఆవిడ 1938 పుస్తకంలో ఆ వంటకం ఉంది కాబట్టి కనీసం పేరైనా నిలిచింది.

రెండో ప్రపంచయుద్ధంలో, 1942 మే నుంచి, అమెరికాలో పంచదారకి రేషన్. మనిషికి వారానికి అరపౌండు, అంటే 226 గ్రాములు. 1947 జూన్ దాకా రేషన్ సాగింది. అయినా సైనికులకి కుకీ డబ్బాలు వెళ్తూనే ఉన్నాయి. ఇంట్లో కాఫీలో చక్కెర తగ్గించుకుని, తేనె, మొలాసిస్ కలుపుకుని తల్లులు కాల్చి పంపారు.

ఇప్పుడు మన ఇళ్ళకి వద్దాం. మా అత్తగారి అరిసెలకి మా బంధువుల్లో మంచి పేరు. ఆవిడ కొలతలు "సోలెడు, గుప్పెడు, చెయ్యి చెప్తుంది" అన్నట్టు ఉంటాయి. పోయిన ఏడాది డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ఫోన్లో, "నానమ్మా, సోలెడంటే ఎన్ని కప్పులు?" అని అడిగితే, "నువ్వు రావే, చూపిస్తా" అన్నారావిడ. ఆవిడకి ఎనభై ఒకటి నిండాయి. ఆ రాత్రి నేను ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. సోల తెచ్చి బియ్యం తూచాను, బెల్లం తూచాను. తడిబియ్యం ఎంతసేపు ఆరాలో, పాకం నీళ్ళలో వేస్తే ఉండ ఎంత మెత్తగా ఉండాలో అడిగి రాసుకున్నాను. "ఇదంతా రాసేదేమిటే" అని నవ్వారు గానీ, పైన తన పేరు రాశానని చూపిస్తే కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు.

మీ ఇంట్లోనూ ఒక పెద్దావిడ ఉండే ఉంటారు. సున్నుండలో, కాజాలో, కజ్జికాయలో, ఏదో ఒకటి ఆవిడ చేతిలోనే బాగా కుదురుతుంది. ఈ పండక్కి ఆవిడ పక్కన కూర్చుని, తూకం వేసి, రాయండి. పేరు, ఊరు, తేదీ కూడా వేయండి. డబ్బా సర్దేటప్పుడు మూత కింద ఆ కాగితం ఒక కాపీ పెట్టండి.