తుఫానుకు తడిసిన వరి పనలు: బీమా కోసం 72 గంటల్లో మీరే చెప్పాలి

కోస్తా జిల్లాల్లో సార్వా వరి కోతల కాలం, తుఫానుల కాలం ఒకటే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి చాలా చేలలో వరి కోసి పనల మీద ఉంది. ఆ తర్వాత రైతుల నోట నేను ఎక్కువగా విన్న మాట, "సార్లు వచ్చి రాసుకుపోయారు కదండీ, ఇక బీమా వస్తుంది కదా" అని. ఈ రెండూ వేరు. అధికారులు పొలాలు తిరిగి రాసుకునేది ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ కోసం. 33 శాతానికి మించి పంట దెబ్బతింటే అది వర్తిస్తుంది. కోసిన పంటకు ప్రధానమంత్రి ఫసల్ బీమా కింద పరిహారం రావాలంటే నష్టం జరిగిన 72 గంటల్లోగా మీరే తెలియజేయాలి.

ఏ పంటకు ఏ లెక్క

చేలో నిలిచి ఉన్న వరికి సాధారణంగా మీ ఒక్క పొలం నష్టాన్ని చూడరు. బీమా యూనిట్‌లో, అంటే మీ గ్రామంలో, పంట కోత ప్రయోగాలు చేసి సగటు దిగుబడి తీస్తారు. ఉదాహరణకు హామీ దిగుబడి ఎకరాకు 2,000 కిలోలు, వచ్చిన సగటు 1,400 కిలోలు అనుకోండి. తగ్గింది 30 శాతం. బీమా మొత్తం 40,000 రూపాయలైతే 12,000 వస్తాయి. మీ చేను మొత్తం పోయినా అంతే, సగం పోయినా అంతే. దీనికి విడిగా దరఖాస్తు అక్కర్లేదు.

వరి ముంపును విడి పొలం లెక్కన చూసే వెసులుబాటును 2018లో తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తున్నట్లు కేంద్రం ప్రకటించింది.

కోసి చేలో ఆరబెట్టిన పనలకు, చిన్న కట్టలకు మాత్రం విడి పొలం లెక్కనే చూస్తారు. కోసిన నాటి నుంచి 14 రోజుల వరకే ఈ రక్షణ. కుప్ప వేసినా, నూర్చి కళ్లంలో పోసినా వర్తించదు. ఈ రెండు రక్షణలూ మీ జిల్లా నోటిఫికేషన్‌లో ఉన్నాయో లేదో రైతు సేవా కేంద్రంలో ముందే కనుక్కోండి.

వాన తగ్గగానే

ముందు ఫొటోలు తీయండి. గట్టు, పక్క చేను కనబడేలా దూరం నుంచి రెండు, నీటిలో ఉన్న పనలవి దగ్గర నుంచి రెండు. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. తర్వాత 14447కు ఫోను చేయండి, లేదా క్రాప్ ఇన్సూరెన్స్ యాప్‌లో నమోదు చేయండి. సర్వే నంబరు, పంట, కోసిన తేదీ, బీమా దరఖాస్తు నంబరు చెప్పాలి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు పాస్‌బుక్కు మీదే రాసుకోండి, విడి కాగితాలు తడిసిపోతాయి. కరెంటు, సిగ్నల్ లేకపోతే 72 గంటలు దాటకుండా రైతు సేవా కేంద్రంలో గానీ బ్యాంకులో గానీ రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి.

సమాచారం అందిన 48 గంటల్లో కంపెనీ సర్వేయరును నియమించాలి. ఆ తర్వాత 10 రోజుల్లో అంచనా పూర్తికావాలి. తనిఖీలో వ్యవసాయ అధికారితో పాటు మీరూ ఉండాలి. అందాకా పనలు మొలకెత్తుతుంటే చూస్తూ కూర్చోమని నేను చెప్పను. నీరు తీసేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనలపై పిచికారీ చేయండి. తిరగేసి ఆరబెట్టండి. కానీ మొత్తం ఎత్తి నూర్చేయవద్దు. ఒక రైతు సర్వేయరు రాకముందే అంతా ఎత్తేశారు, ఫొటో ఒక్కటీ లేదు. ఖాళీ చేను చూపించి నష్టం ఎలా రాయించగలం? ఎత్తక తప్పకపోతే మీ వ్యవసాయ అధికారికి చెప్పి, ఒక మడి అలాగే వదిలేయండి.

ఈ-పంటలో మీ పేరు, వేలిముద్ర లేకపోతే ఇదంతా వృథా. ముఖ్యంగా కౌలు రైతులు సాగు హక్కు పత్రంతో పంట నమోదు చేయించుకున్నారో లేదో ఇప్పుడే చూసుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కూడా.

క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. అది సరైనది కాదనిపిస్తే రసీదు, ఫొటోలు జతచేసి జిల్లా స్థాయి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు.